అప్పడాల మీద నీలి పెయింటు

మా గల్లీలోకి పెయింటు షాపు రావడానికి నా సంతకమే కారణం. దాన్ని ఆపించడానికి అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోయిందీ నేనే. రెండూ చెబుతాను. మొదటిది దాచి రెండోదే చెప్పుకునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లంటే నాకు పడదు.

లాలాగూడలో మాది రెండు గదుల ఇల్లు, పైన డాబా. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి పెయింటర్‌గా రిటైరయ్యాను. బోగీలకు రంగు కొట్టడం, స్టెన్సిల్ ఆనించి అక్షరాలు వేయడం నా పని. ఎన్నో బోగీల మీద ఊళ్ల పేర్లు వేశాను కానీ ఏ పేరు ఏ ఊరిదో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. రిటైరయ్యాక పక్కింటి టీచరమ్మ తన వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. ఆమె కోస్తా నుంచి వచ్చి ఇక్కడే బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ నన్ను తిడుతుంది. "అరవై దాటినంక నాకు ఒత్తులెందుకమ్మా" అని ఒకసారి అంటే, "మరి ఎనభై దాటాక నేర్చుకుంటారా?" అంది.

అలా చదవడం వచ్చింది. నెమ్మదిగా, వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతాను. అయితే నలుగురి ముందు అలా చదవాలంటే నామోషీగా ఉండేది. మా మీదికి వచ్చిన తిప్పలన్నీ ఆ నామోషీ నుంచే వచ్చాయి.

ఎండాకాలం వచ్చిందంటే డాబా నా భార్యది. శివరాత్రి పోయి ఎండ ముదరగానే ఆమె సగ్గుబియ్యం పెద్ద గిన్నెలో ఉడకబెట్టి, పైన పాత తెల్ల ధోవతులు పరిచి, గరిటెతో గుండ్రంగా అప్పడాలు పోస్తుంది. ఇరవై ఎండాకాలాల నుంచి ఇదే పని. మౌలాలి నుంచీ నేరేడ్‌మెట్ నుంచీ పెళ్లిళ్లవాళ్లు ముందే చెప్పి పెట్టుకుంటారు. ఆ మూడు నెలలూ నేను డాబా ఎక్కాలన్నా ఆమెను అడిగే ఎక్కాలి. ఆ పని లేకపోయినా నా పింఛనుతో ఇల్లు గడుస్తుంది. కానీ ఆమెకు మాత్రం పొద్దు గడవదు. మోకాళ్లు పట్టేసి నడవలేని మనిషి, అప్పడాల రోజున మెట్లు ఎక్కడం చూస్తే ఆమేనా అనిపిస్తుంది.

రెండేళ్ల కింద మా ఎదుటి గోదాము ఖాళీ అయింది. కార్లకు సొట్టలు తీసే షాపు పెడతానని ఒకతను వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, డిగ్రీ చదివాడు, మాట తీపి. ముందుగా మా ఇంటికే వచ్చి, "ఉస్తాద్, మీరు రైల్వేల పెయింటర్ కదా. గల్లీల మీ మాటే మాట అంటుండ్రు" అన్నాడు.

రిటైరయ్యాక నన్ను ఉస్తాద్ అని ఎవరూ పిలవలేదు. ఆ ఒక్క మాటకే టీ పెట్టించాను. అతను రెండు పేజీల కాగితం తీశాడు.

"ఏం లేదు ఉస్తాద్. గల్లీ వాళ్లకు అభ్యంతరం లేదని చిన్న కాయితం. మొదటి సంతకం మీదే ఉండాలె. మీది చూస్తే మిగతా వాళ్లు పెడతరు."

కాగితం నిండా చిన్న అక్షరాలు. చదవాలంటే అరగంట. అతని ముందు వేలు పెట్టుకుని, పెదవులు కదిపితే ఉస్తాద్ అన్న నోటితో ఇంకేమంటాడో అనిపించింది. చదివినట్టుగా పైనుంచి కిందికి చూసి తల ఊపాను. పూర్తి పేరు, ఒక్క ఒత్తు తప్పకుండా రాశాను. అందం చూసుకున్నాను కూడా.

షాపు మొదలైంది. కొన్నాళ్లు సుత్తి చప్పుడు మాత్రమే. తరువాత కంప్రెసర్ వచ్చింది, స్ప్రే గన్ వచ్చింది, థిన్నర్ డబ్బాలు వచ్చాయి. నిజం చెబుతాను, ఆ వాసనకు నాకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దున్నే పోయి స్టూల్ వేసుకుని కూర్చునేవాణ్ణి. పుట్టీ ఇంకా రుద్దాలనీ, గన్ అంత దగ్గర పెట్టొద్దనీ సలహాలిచ్చేవాణ్ణి. ఇంట్లో నా భార్య దగ్గుతుంటే నేను అక్కడ షేడ్ కలిసిందా లేదా చూస్తున్నాను.

"ముక్కు మండుతుందయ్యా" అంది ఆమె ఒకరోజు.

"పెయింటు వాసన నీకు కొత్తనా? ముప్పై ఏండ్లు నా బట్టలు ఉతకలేదా?"

"ఉతికితి. తినలె."

ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఎండాకాలం వచ్చాక ఎక్కింది. మొదటి విడత అప్పడాలు పోసిన రోజు మధ్యాహ్నం ఆమె డాబా మీంచి కేక పెట్టింది. పోయి చూస్తే, తడి ఆరని తెల్లటి అప్పడాల మీద ఆవగింజలకన్నా చిన్నగా నీలం చుక్కలు.

"ఏందిది? అప్పడాలకు అమ్మవారు పోసినట్టు గీ చుక్కలేంది?"

నాకు వెంటనే తెలిసింది. పొద్దున ఆ కారుకు నీలం కలిపింది నా ముందే. షేడ్ బాగుందని చెప్పింది నేనే.

ఒక అప్పడం చేతిలో పట్టుకుని షాపుకు పోయాను. మా వర్క్‌షాపులో గన్ పట్టాలంటే మూసిన బూత్ ఉండేదనీ, వెనక ఫ్యాన్లు గాలిని లాగేవనీ, పెయింటు నీళ్ల తెరకు తగిలి కిందికి పోయేదనీ చెప్పాను. "నువ్వు షట్టర్ సుత దించవు" అన్నాను.

అతను నవ్వాడు. "గాలి నా చేతిల ఉందా ఉస్తాద్? అమ్మను ఇంట్ల ఎండబెట్టుకోమనుండ్రి."

"ఇంట్ల ఎండ నువ్వు పంపిస్తవా?"

"ఊకె పరేషాన్ గాకుండ్రి. అభ్యంతరం లేదని సంతకం పెట్టింది మీరే కదా. జెర యాది చేసుకోండ్రి."

అప్పడం పట్టుకునే వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చి ఆ సంగతి నా భార్యకు చెప్పాను. మచ్చలు పడ్డ అప్పడాలన్నీ చెత్తబుట్టలో పోసి, గిన్నె బోర్లించింది. తిట్టి ఉంటే బాగుండేది. టీచరమ్మ మాత్రం వదల్లేదు.

"చదవకుండా పెట్టారా సంతకం? నేను అక్షరాలు నేర్పింది చదవడానికండీ, ముగ్గేసినట్టు పేరు వేయడానికి కాదు!"

తలవంచుకుని కూర్చున్నాను. తరువాత అర్జీ రాశాను. ఆమె తప్పులు దిద్దింది కానీ రాయడం నేనే. నివాసాల మధ్య షాపు నడపాలంటే పొగకూ, వాసనకూ, చప్పుడుకూ ఒక హద్దు ఉంటుందని, అది మున్సిపల్ ఆఫీసువాళ్లు చూస్తారని ఆమే చెప్పింది.

"చుక్కలు అతని షాపువే అని రుజువేది అంటే?" అన్నాను.

జవాబు చెప్పింది నా భార్య. పాత ధోవతిని చేతిరుమాళ్లంత ముక్కలుగా చింపింది. రోజుకో ముక్క తడిపి, పొద్దున పది నుంచి నాలుగింటి దాకా డాబా మీద పరిచింది. సాయంత్రం నేను దాని మూల మీద తారీఖు రాసి, ఆ రోజు షాపులో ఏ రంగు కారు ఉందో రాశాను. సోమవారం వెండి రంగు. మంగళవారం ఎరుపు. బుధవారం మళ్లీ నీలం. ఆదివారం షాపు బంద్, ఆ ముక్క మల్లెపువ్వులా ఉంది.

అర్జీలు తీసుకునే రోజు ముగ్గురం పోయాం. ఆఫీసరు చిన్న వయసు అమ్మాయి. గుడ్డముక్కలు ఒక్కొక్కటీ బల్ల మీద పరిచి చూసింది. ఆదివారం ముక్కను రెండుసార్లు చూసింది. పిలిపిస్తే అతనూ వచ్చాడు. వస్తూనే, "మేడమ్, గల్లీ వాళ్ల ఒప్పుకోలు మీ ఫైల్‌లనే ఉంది" అన్నాడు.

ఆమె ఫైల్ తిప్పి ఆ కాగితం తీసింది. "పెద్దాయనా, ఈ సంతకం మీదేనా?"

"నాదేనమ్మా."

అతను గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. నా భార్య నా వైపు చూడలేదు, గుడ్డముక్కలు మడవడం మొదలుపెట్టింది. ఆ మడతలు చూసి నాకు తెగింపు వచ్చింది.

"ఆ కాయితం జెర ఇయ్యమ్మా. చదువుత."

వేలు పెట్టాను. పెదవులు కదిపాను. గట్టిగానే చదివాను. వెనక వరసలో ఎవరో, "తాతా, జెల్ది కానియ్, మేము సుత పోవాలె" అన్నారు. టీచరమ్మ వెనక్కి తిరిగి, "క్లాసు నడుస్తోంది, మాట్లాడకండి" అంది. మొదటి పేజీలో చిరునామాలే. రెండో పేజీ మధ్యలో నా వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివాను, ఈసారి ఇంకా గట్టిగా:

"ఈ స్థలంలో సొట్టలు తీయడం, చిన్న మరమ్మతులు మాత్రమే చేస్తానని, రంగు వేసే పని గాని, పొగ, దుమ్ము, రసాయనాల వాసన వచ్చే పని గాని చేయనని హామీ ఇస్తున్నాను. ఈ షరతు మీద ఇరుగుపొరుగుకు అభ్యంతరం లేదు."

దాని కింద అతని సంతకం. అతని కింద నాది.

అతను గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "అట్ల రాసిండ్రా?" అన్నాడు. ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు చేత టైపు చేయించాడట. ఆ షరతు లేకుంటే ఇళ్ల మధ్య అనుమతి రాదని ఏజెంటుకు తెలుసు. ఇతను చదవలేదు. నామోషీ పడి నేను చదవలేదు, డిగ్రీ ఉండీ అతను చదవలేదు. వెనక జెల్ది చేయమన్నవాడే అందరికంటే ముందు నవ్వాడు.

"సంతకం నాదే. నేను ఒప్పుకున్నది గిదే" అన్నాను ఆఫీసరుతో. ఇంకేమీ అవసరం లేకపోయింది.

ఆ వారంలోనే ఆమె స్వయంగా వచ్చి గన్, డబ్బాలు, బార్లా తెరిచిన షట్టర్ చూసుకుంది. పెయింటు పని బంద్ అని నోటీసు అంటించింది. సొట్టలు తీసుకోవచ్చు, అదీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. గల్లీ అంతా ఆ నోటీసు ముందు గుమిగూడితే చదివి వినిపించింది నేను. వేలు పెట్టే చదివాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా చదవడం ఆపేవాణ్ణి కాదు. అతను కంప్రెసర్‌ను మౌలాలి వైపు షెడ్డుకు తరలించాడు. అక్కడ బూత్ ఎలా కట్టాలో నన్నే అడిగాడు. చెప్పాను, నీళ్ల తెరతో సహా. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. దానికి గోడలు ఉండాలి, అంతే.

ఆ ఎండాకాలం ఇంకా నెలన్నర మిగిలింది. ఆ చుక్కల వల్ల చేజారిన ఆర్డర్లలో సగానికి పైగా తిరిగి వచ్చాయి. నా భార్య డాబా మీద ఈ మూల నుంచి ఆ మూలకు అప్పడాలు పోసి, పిట్టగోడ మీంచి గల్లీలోకి తొంగిచూసి, "ఏమయ్యా ఉస్తాద్, షేడ్ కలిసిందా?" అని అందరికీ వినపడేలా అరిచింది.

మొన్న లైసెన్సు కొత్తగా రాయించుకోవాలని అతను మళ్లీ కాగితం పట్టుకుని వచ్చాడు. ఈసారి మూడు పేజీలు. మంచం మీద కూర్చుని కళ్లద్దాలు పెట్టుకున్నాను. అతను నిలబడ్డాడు. టీ వచ్చింది, చల్లారింది. పెయింటు చేయనన్న ముక్క ఈసారి లేదు. చూపించాను. పెన్ను తీసి తన చేత్తోనే రాశాడు, పక్కన సంతకం పెట్టాడు. మళ్లీ మొదటి పేజీకి పోయాను.

"ఇంకా కాలేదా?" అని పైనుంచి నా భార్య కేకేసింది.

"రెండో పేజీల ఉన్న" అన్నాను.

అతను కాలు మార్చుకున్నాడు. "ఉస్తాద్, ఆఫీసు బందయితది."

"రేపు తెరుస్తరు" అన్నాను, వేలు కింది లైనుకు జరిపి.