నేను వినని పెద్ద గంట

మొన్న మా మనవరాలి బడి నుంచి అయిదో తరగతి నియమాల కాగితం వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా చదివి సంతకం పెట్టాలట. వరుసలో నడవాలి, చేయి ఎత్తాకే మాట్లాడాలి అంటూ పది నియమాలు, పక్కన నవ్వే బొమ్మలు. ఏడో నియమం దగ్గర నా కలం ఆగిపోయింది. ఎవరికైనా నష్టం జరగబోతుంటే చేయి ఎత్తకుండానే చెప్పవచ్చునట. ఈ ఒక్క ముక్క మా రోజుల్లో ఉండి ఉంటే నేను ఇన్నేళ్ళు కోపం మోయవలసి వచ్చేది కాదు.

పంజగుట్టలో మాది పెంకుల కప్పు బడి. మాకు అచ్చువేసిన నియమాలు లేవు, వాటి బదులు నల్లబల్ల మీద కుడి మూల ఉండేది. టీచరమ్మ బయటికి వెళ్ళగానే లీడరు సుద్దముక్క పట్టుకుని నిలబడేది, నోరు విప్పినవాళ్ళ పేరు ఆ మూలకెక్కేది. మీలోనూ చాలామంది పేర్లు అలాంటి మూలల్లో ఎక్కే ఉంటాయి. మా లీడరు స్వయానా మా పెద్దమ్మ కూతురు, నాకంటే ఏడాది పెద్ద. దసరా సెలవుల తర్వాత ఒక్కసారీ పేరెక్కని పిల్లకు బడి ఏడాది ఆఖరిరోజు పెద్ద గంట కొట్టే భాగ్యం దక్కుతుందన్నారు. గంటంటే ఆ ఏడే వేలాడదీసిన, అప్పటిదాకా ఎవరూ కొట్టని రైలుపట్టా ముక్కే, కానీ దాని మోత అమీర్‌పేట దాకా వినిపిస్తుందని మా నమ్మకం. దానికోసం, పుట్టు వాగుడుకాయనైన నేను, ఇంట్లో కూడా మాట తగ్గించేస్తే, జ్వరమేమోనని మా అమ్మ నుదురు పట్టి చూసింది.

ఇంకా మూడు రోజులున్నాయనగా, టీచరమ్మ బల్ల మీద హాజరుపట్టీ, సిరాబుడ్డి వదిలి బయటికి వెళ్ళింది. ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరగబోతే ఆమె మోచేయి తగిలి సిరాబుడ్డి పట్టీ మీదికి ఒరుగుతోంది. "సిరా, సిరా!" అని అరిచాను. ఆ పిల్ల బుడ్డిని పట్టుకుంది, పట్టీ బతికింది. తలెత్తి చూస్తే మూలన నా పేరు, తెల్లగా, మా అక్క చేతిరాతలో.

కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ నా గోడు సగంలోనే ఆపేసింది. "ఏంటమ్మా, మాట్లాడావా లేదా? అది చెప్పు." మాట్లాడాను. అంతే, తీర్పు అయిపోయింది. ఇక పేరెక్కనిది ఒక్క లీడరే. సుద్దముక్క పట్టుకున్నదాని పేరు ఎవరు రాస్తారు? ఈ ప్రశ్న ఆనాడే అడిగాను, అక్క పెళ్ళిపందిట్లోనూ అడిగాను, దాని షష్టిపూర్తిలోనూ అడిగాను.

ఆఖరిరోజు గంట అక్కే కొట్టింది. నేను ప్రహరీ పక్కన నిలబడి, అక్క గంట కొట్టే కడ్డీని కింద పెట్టేదాకా రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాను.

కాగితం పక్కన పెట్టి యూసుఫ్‌గూడలో ఉన్న అక్కకు ఫోన్ చేసి ఏడో నియమం చదివి వినిపించాను.

"ఇంకా గదే పట్టుకొని కూసున్నవానే? జర ఇడిసిపెట్టరాదే!" అని నవ్వింది. తప్పని ఒప్పుకోమన్నాను. "చెల్లెలని రాయలేదంటరు గదా, గందుకే రాసిన," అంది. అది క్షమాపణ కాదని చెప్పాను. తర్వాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను, ఆ గంట ఎట్లా మోగిందని.

"ఏమోనే. చెవులు మూసుకొని ఏడుస్తున్న నిన్నే చూసుకుంట కొట్టిన. సప్పుడు సుత యాదికి లేదు."

బడి ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల బట్టల దుకాణం, దాని ముందు నుంచి మెట్రో పోతుంటుంది. మనవరాలి బడిలో గంట బదులు స్పీకర్లో ఏదో సంగీతం వస్తుందట. కాగితం మీద సంతకం పెట్టేశాను. నా పేరు రాసిన చేయి చేసింది తప్పే, అందులో నా మాట మారదు. కానీ ఆ గంట ఒక్కసారి వినాలనిపించినప్పుడల్లా గుర్తొస్తుంది, చెవులు మూసిన చేతులు మాత్రం నావి.