చింతాద్రిపేటలో నోరు జారిన పూట

ఉదయం ఆరూ నలభైకి సూళ్ళూరుపేటలో చెన్నై మాధవరం బస్సు ఎక్కాము. మేమంటే నేనూ, మొన్ననే ఇంటర్ పాసైన చెంగమ్మా. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. చెంగమ్మ మా బడిలో పదో తరగతి దాకా చదివింది. వాళ్ళమ్మ కాంతమ్మ అక్కడే పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె ఒక్కరోజు రాకపోతే బడి మొత్తం పస్తు. అందుకని కూతుర్ని నాకు అప్పజెప్పి పొయ్యి దగ్గరికి పోయింది.

చెంగమ్మకు చెన్నైలో ఒక మహిళా కళాశాలలో ఫిజిక్స్ సీటు వచ్చింది. రాష్ట్రం దాటి చదివితే మన ప్రభుత్వ ఫీజు సాయం అందదన్నారు. మర్నాడు మధ్యాహ్నం లోపల ఫీజు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మాకు మిగిలిన దారి ఒక్కటే, చింతాద్రిపేటలో నరసయ్య శెట్టిగారు నడిపే ధర్మనిధి. బాయిలర్లకు, పైపులకు వాల్వులు తయారుచేసి పైకొచ్చిన మనిషి. పేదపిల్లల చదువుకు ఫీజులు కడతారు. నెలకొక్కరోజే పిల్లల్ని చూస్తారు.

ఆయన పద్ధతి వేరు. అక్కడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని బస్సులో నేను మూడుసార్లు బయటికి చదివాను. పదకొండు దాటితే లోపలికి రానివ్వరు. విద్యార్థి తనకు తెలిసిన విషయం ఏదో ఒకటి శెట్టిగారికి పాఠంగా చెప్పాలి. వెంట వచ్చిన పెద్దలు కూర్చోవచ్చు, మాట్లాడరాదు. మాట్లాడితే ఆ నెలకు ఆ విద్యార్థి వంతు అయిపోయినట్టే.

"మేడం, మీరు మాట్లాడకుండా ఉంటారా?" అని అడిగింది చెంగమ్మ.

"నన్నేమనుకున్నావే?" అన్నాను. అంతలో కండక్టరు వచ్చి, "యాడికి పాపా?" అని ఆ పిల్లనే అడిగాడు. "రెండు మాధవరం" అన్నది మాత్రం నేను.

గుమ్మిడిపూండి దాటాక టిఫిన్ తిందామని పొట్లం విప్పాను. ఇడ్లీ, కారప్పొడి. చెంగమ్మ ఒక్క ముక్క తిని చాలంది. రెడ్‌హిల్స్ ముందర బస్సు ఆగిపోయింది. ఎటు చూసినా ట్యాంకర్లూ కంటైనర్లే. పక్క సీట్లో కూర్చున్న పూలావిడ మల్లెమొగ్గలు కడుతూనే, "ఈడ రోజూ ఇంతే మేడం. మనలి ఫ్యాక్టరీలకు పోయే లారీలు తిరిగితే గానీ మన బండి కదల్దు" అంది. ఎనిమిదిన్నరకు ఆగిన బస్సు తొమ్మిదిన్నరకు గానీ కదలలేదు. నేను గడియారం చూడటం, చెంగమ్మ నన్ను చూడటం, ఆ గంటంతా ఇదే పని.

మాధవరంలో దిగేసరికి పది. ఆంధ్రా బస్సులు అక్కడితో సరి. ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. తీరిక ఉంటే అక్కడి నుంచి సెంట్రల్ స్టేషన్‌కు సిటీ బస్సులు దొరుకుతాయి. మాకు తీరిక లేదు, ఆటో పట్టాము. డ్రైవరు మూడొందల యాభై అన్నాడు. బేరానికి పేరుపడ్డ దాన్ని, నోరెత్తకుండా ఎక్కాను. కూవం నది వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాము. చింతాద్రిపేటలో ఇరుకు వీధి. రెండువైపులా మోటారు స్పేర్‌పార్టుల కొట్లు, గాలిలో గ్రీజు వాసన. ఒక మేడ మెట్ల దగ్గర దిగితే పదకొండుకు ఎనిమిది నిమిషాలుంది.

పైన ఆఫీసు చూసుకునే రాజేశ్వరమ్మ పేరు రాసుకుని, "ఉత్తరం చదివినారు కదా? నోరు మాత్రం తెరవద్దండి, ప్లీజ్" అంది. నలుగురు పిల్లల తర్వాత మమ్మల్ని పిలిచింది.

శెట్టిగారికి ఎనభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, పంచె, ముందు ఖాళీ బల్ల. "చెప్పమ్మా, నాకేం నేర్పిస్తావు?" అన్నారు.

చెంగమ్మ ప్రెషర్ కుక్కర్ గురించి మొదలుపెట్టింది. మూత బిగిస్తే ఆవిరి లోపలే ఉండిపోతుందని, ఒత్తిడి పెరిగేకొద్దీ నీళ్ళు ఇంకా ఎక్కువ వేడి దగ్గర మరుగుతాయని, అందుకే అన్నం తొందరగా ఉడుకుతుందని చెప్పింది. ఎక్కడా మాట తడబడలేదు. నాకు గర్వంగా అనిపించింది.

"సరి. విజిలు మొదలైనాక మంట పెద్దది చేస్తాను. ఇంకా బిరీన ఉడుకుతాదా?" అని అడిగారాయన.

చెంగమ్మ ఆగిపోయింది. బల్ల వైపు చూస్తూ నిలబడింది. ఇరవై మూడేళ్ళుగా తరగతిలో పిల్లవాడు పద్యం మధ్యలో ఆగితే తర్వాతి మాట అందించడమే నా ఉద్యోగం. మౌనంగా ఉన్న పిల్లను చూస్తే నా నాలుక ఊరుకోదు.

"ఉడుకుతుందని చెప్పవే!" అనేశాను.

అన్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. రాజేశ్వరమ్మ కళ్ళు మూసుకుంది. శెట్టిగారు నా వంక చూడను కూడా చూడలేదు. "అయిపోయిందమ్మా. వచ్చే నెల రా" అన్నారు చెంగమ్మతో. వచ్చే నెలకు ఆ సీటెక్కడిది? కాళ్ళమీద పడదామనుకున్నాను. మళ్ళీ నోరు తెరవాలంటే భయమేసింది.

చెంగమ్మ కదల్లేదు. "మేడం చెప్పింది తప్పు సార్" అంది.

"ఏందీ?"

"నాకు సాయం చేస్తే కదా సార్ నా వంతు పోయేది? ఆమె తప్పు చెప్పింది. అది సాయం ఎట్టా అవతాది?"

ఆయన ఆ పిల్లను ఎదుటి కుర్చీలో కూర్చోమన్నారు. తర్వాత నాకు తలుపు చూపించి, "మీరు బయట ఉండండి" అన్నారు.

మెట్ల మీద కూర్చున్నాను. పన్నెండుకు కాంతమ్మ ఫోన్ చేసింది. పిల్లలకు వడ్డించే ముందు అడుగుదామని చేసి ఉంటుంది. ఎత్తలేదు. ఏమని చెప్పను, నీ కూతురి చదువు నా నోటితో పోగొట్టానని చెప్పనా? మళ్ళీ మోగింది. సిగ్గుతో, భయంతో ఫోన్‌ను కొంగులో చుట్టి పట్టుకున్నాను.

రాజేశ్వరమ్మ కాఫీ తెచ్చి పక్కనే కూర్చుంది. "ఏడవద్దండి. శెట్టిగారికి ఈ పట్టు ఎందుకో తెలుసునా? ఆయన ఎనిమిదిలో క్లాస్ ఫస్ట్. హెడ్‌మాస్టరు పిలిచి, తొమ్మిదికి వస్తావా అప్పా అని అడిగినారు. ఈయన నోరు తెరిచేలోపల, పక్కనున్న మామ, ‘లేదండి, లేత్ పట్టరలో పనికి పెడతాం’ అనేసినాడు. అంతే, చదువు ఆడితో సరి. ఆ పట్టరలోనే వాల్వులు చేసేది నేర్చుకున్నారు. మనలి ఫ్యాక్టరీలకు సైకిల్లో తీసుకుపోయి అమ్మినారు. తర్వాత సొంత ఫ్యాక్టరీ పెట్టినారు. ఎంత సంపాదించినా, ఆ పొద్దు నన్ను చెప్పనియ్యలేదే అని ఇప్పుడు కూడా అంటా ఉంటారు."

కాఫీ పక్కన పెట్టాను. ఆ మామ మీద కోపం తెచ్చుకుందామంటే, ఆయన ముఖం నా ముఖంలాగే కనిపించింది.

పన్నెండూ ఇరవైకి తలుపు తెరుచుకుంది. చెంగమ్మ చేతిలో కవరుంది. ఫీజు సాయంత్రం లోపల కాలేజీకే నేరుగా కడతారట, హాస్టలు ఖర్చుతో సహా. కవరు తీసుకుని రెండువైపులా తిప్పి చూశాను.

"ఏం చెప్పావే?"

"విజిలు లేచిందంటే లోపల ఒత్తిడి ఇంక పెరగదు మేడం. మంట పెంచితే ఆవిరి బయటికి పోతాది, గ్యాసు దండగ. మొన్న గ్యాసు అయిపోవస్తే మా అమ్మ బడిలో విజిలు లేచినాక సన్నమంట మీదనే వండింది, అంతసేపే పట్టింది. అది గుర్తు తెచ్చుకుంటా ఉన్నా, మీరు తొందరపడినారు."

శెట్టిగారు గుమ్మం దాకా వచ్చారు. "వాల్వు చేసేవాడికి ఇది తెలియదా అమ్మా? ఆ పిల్ల చెప్తే వినాలని అడిగినా" అన్నారు నాతో. కాస్త ఆగి, "కాలేజీలో చేరేదానికి మీరు రావద్దు. ఒక్కదాన్నే పంపించండి, దారి కనుక్కుంటాది" అన్నారు. గుచ్చుకుంది. దండం పెట్టి మెట్లు దిగాను.

కాంతమ్మకు ఫోన్ నేను చెయ్యలేదు, చెంగమ్మ చేతికిచ్చాను. వీధి చివర మెస్సులో సాంబారన్నం తిన్నాము. ఆ పిల్ల రెండోసారి పెట్టించుకుంది. తిరుగు దారిలో సిటీ బస్సు చాలనుకుని, మాధవరంలో మూడున్నరకు మా బస్సు పట్టుకున్నాము. టికెట్లు చెంగమ్మే తీసింది.

ఎదురు సీట్లో ఒక పెద్దాయన కవరు చూసి, "ఏం చదవబోతాండావు పాపా?" అని అడిగాడు. జవాబు నా పెదవుల దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి కిటికీ వైపు తిరిగాను. చెంగమ్మ ఆలోచించుకుంటోంది. రెడ్‌హిల్స్ వెనక్కి పోయింది, టోల్‌గేటు వచ్చింది, బస్సు ఆగి మళ్ళీ కదిలింది. అంతసేపు నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

"ఫిజిక్స్ సార్" అంది చివరికి. "తర్వాత టీచర్నవతా. పిల్లకాయలు చెప్పేదాకా కాచుకోనుండే టీచర్ని."

అని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. సూళ్ళూరుపేట దాకా నేను కదలకుండా కూర్చున్నాను.