హాల్ టికెట్ కోసం అమ్మ కింద కూసున్న పొద్దు

మా చిన్నప్పుడు... మేం ఖాలా అని పిలిచే పక్కింటామె గోడ మీంచి "ఫోన్ ఆయా!" అని కేకేస్తే, మా అమ్మ చేతిల గంటె ఆగిపోయేది. ఉప్పుగూడల మా గల్లీ మొత్తానికి ఖాలా ఇంట్లనే ఫోన్. వచ్చింది మా సునీతక్క కాలేజీ నుంచే అని మాకెరుక... ఫీజు గురించే.

బాపు ఫలక్‌నుమల లేతు మిషన్ కార్ఖానల పనిచేసేటోడు. మా ఖాందాన్ల ఇంజనీరింగ్ సీటు వచ్చింది అక్క ఒక్కదానికే. ఆ రోజు బాపు గల్లంత మిఠాయి పంచిండు. మొదటి సంవత్సరం ఎట్లనో గడిచింది. రెండో సంవత్సరం ఫీజు పెంచిన్రు... స్కాలర్‌షిప్ పైసలేమో రాలే. బాపు ఓవర్‌టైం చేసొచ్చి, పళ్ళెం ముందట కూసొని, రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంటుండె.

అక్క పుస్తకం పట్టుకొని కూసునేది గాని పేజీ తిరిగేది కాదు. నేనప్పుడు ఏడో తరగతి. ఫీజు లొల్లి నాకంత తెల్వది... ఇంట్ల ఎవ్వరు గట్టిగ మాట్లాడ్తలేరంటేనే భయమైతుండె.

పరీక్షల రోజు రానే వచ్చింది. అక్కకు హాల్ టికెట్ ఇయ్యలే. సేఠ్‌ను అడ్వాన్స్ అడుగుతనని బాపు పొద్దుగాలనే కార్ఖానకు పోయిండు. అమ్మ, అక్క, నేను లోకల్ రైలెక్కినం. దారంత అక్క కిటికీ దిక్కే చూసింది. పెదాలు కదులుతున్నయి... చదివింది యాది చేస్కుంటుందో, దేవునికి మొక్కుతుందో.

కాలేజీ ఆఫీసుల సారు తలెత్తకుండనే అన్నడు, "బాకీ ఉంటే హాల్ టికెట్ రాదమ్మా."

"సారూ, వాళ్ళ బాపు తెస్తడు... పిల్లను పరీక్ష రాయనియ్యున్రి," అన్నది అమ్మ.

"అందరు గిట్లనే చెప్తరు."

బయటి మనిషితోని మాట్లాడాలంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకునే మనిషి మా అమ్మ. గసొంటి అమ్మ... ఆ ఆఫీసు గడపలనే కింద కూసుంది.

"అమ్మా, లే... అందరు చూస్తున్నరు." అక్క అమ్మ చెయ్యి పట్టి గుంజింది.

"చూడనియ్ బిడ్డా. నువ్వు లోపటికి పోయినంకనే నేను లేస్త."

అక్కడ్నే హాల్ టికెట్ రాని పిల్లలు ఇంకొందరు నిలబడ్డరు. అండ్ల ఒకామె తల్లి వచ్చి అమ్మ పక్కన కూసుంది. ఇంకొకళ్ళ నాయిన కూసున్నడు. గంట కొట్టిన్రు... పరీక్ష షురువైంది. అక్క చెయ్యి పట్టుకున్న, చెమటకు తడిసిపోయి ఉంది. ఇగ అయిపోయింది అనుకున్న.

లొల్లి విని ప్రిన్సిపాల్ సారు బయటికొచ్చిండు. కింద కూసున్నోళ్ళను చూసి ఆఫీసు సారు దిక్కు తిరిగిండు. "ముందు పిల్లలను లోపలికి పంపండి. ఫీజు సంగతి తర్వాత," అన్నడు. అక్క ఉరుకుడే ఉరుకుడు... అప్పుడు లేసింది అమ్మ. లేసినంక కొంగు మల్ల నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క ఆ పరీక్ష పాసైంది. గాని చదువు అయిపోయినంక బాకీ తీరేదాక సర్టిఫికెట్లు ఇయ్యలే. దొరికిన మొదటి నౌకరి గట్లనే చెయ్యి జారింది. చార్మినార్ కాడ బట్టల దుకాణంల పనిచేసి, బాపుతోని కలిసి ఆ బాకీ తీర్చింది. తర్వాతనే ఇంకో నౌకరి చూస్కొని నిలదొక్కుకుంది.

మొన్న అక్క ఇంటికి పోయిన. వాళ్ళ కొడుకు ఇంటర్ అయిపోయింది, ర్యాంకు మంచిగనే వచ్చింది. అక్క ఫోన్ల కాలేజీల ఫీజులు చూస్కుంట కూసుంది... ముందట చాయ్ చల్లారిపోయింది.

పిల్లగాడు వచ్చి మెల్లగ అన్నడు, "అమ్మా, నాకు ఇంజనీరింగ్ అంత ఇష్టం లేదు. డిగ్రీ చేస్త తియ్."

చిన్నప్పటి సంది ఇంట్ల ఏ మిషన్ దొరికినా విప్పి బిగించేటోడు వాడు!

"అబద్ధమాడకు రా..." అన్నది అక్క.

వచ్చే వారం కౌన్సెలింగ్. ఏం చేస్తరో నాకు తెల్వదు... అదే ఫికర్ల ఇది రాస్తున్న.

అప్పట్ల మాకు ఏం కావాల్నో నోరు తెరిచి అడిగేటోళ్ళం... దొరికితే దొరికె, లేకపోతే లేదు. ఇప్పటి పిల్లలు ఫీజు చూసి, అడగకముందే తమ ఆశను దాచుకుంటున్నరు.

మీ ఇంట్ల గూడ ఎవరన్న గిట్ల "నాకు ఇష్టం లేదు" అన్నరా... ఒక్కసారి యాది చేస్కొని చెప్పున్రి.