మూడోదానికి దమ్ము లేదు

ఈ మధ్యాహ్నం సత్యనారాయణపేటలో అత్తగారింట్లో భోంచేస్తుండగా మెకానిక్ ఖాసిం ఫోన్ చేశాడు. చెయ్యి ఎంగిలి కాబట్టి స్పీకర్ పెట్టాను. ఇంజన్‌లో కంప్రెషన్‌ను అతను దమ్ము అంటాడు.

"మూడోదానికి దమ్ము లేదప్పా. నూనె పోసి చూసినా రాలే. వాల్వు పోయినట్టుండాది. హెడ్డు ఇప్పాల్సిందే. ఇప్పేదా, వద్దా?"

నేను ముద్ద మింగేలోపే అత్తగారు తలమీద కొంగు వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, నూనె పోసినా ఊపిరాడని ఆ బిడ్డను ముట్టు తండ్రీ. డాక్టర్ల చేతులకు..."

"అత్తా, అది మనిషి కాదు. కారు."

ఆమె ఒక కన్ను తెరిచారు. "యా కారు?"

"లిల్లీ కారు."

లిల్లీ నా భార్య, ఆమె కూతురు. పోయిన ఏడాది చనిపోయింది. కారు అమ్మేయమని అందరూ చెబుతున్నారు. నాకు మనసు రావడం లేదు.

"ముందే చెప్పొద్దా నాయనా," అని ఆమె ఆ కన్ను కూడా మూసుకున్నారు. ఈసారి ప్రార్థన ఇంకా పొడుగ్గా సాగింది. మూడో సిలిండరును ముట్టమన్నారు, తక్కినవాటిని కాపాడమన్నారు. ఖాసిం లైన్లోనే ఉన్నాడని నేను మరిచిపోయాను. చివర్లో ఫోన్‌లోంచి "ఆమీన్" అని వినిపించింది.

చాన్నాళ్ళ తర్వాత నేనూ ఆమేన్ అన్నాను. ఆ వెంటనే "ఇప్పప్పా ఖాసిం" అన్నాను.

వాల్వు మారిస్తే దమ్ము వస్తుందట. వస్తే ఆ మహిమ ఎవరి ఖాతాలో వేయాలో మీరే చెప్పండి.