జల్దీ చాచా షిఫ్ట్‌ల ఉన్నడు

గప్పుడు నా వయసు ఎట్లాంటిదంటె, చేతుల ఫోన్ ఉంటె చాలు, లోకమంత నా గొంతు కోసమే చెవులు నిక్కబొడుసుకొని కూసున్నదని నమ్మే వయసు. (ఇప్పుడేమో మస్తు పెద్దదాన్నైనట్టు మాట్లాడుతున్న గానీ కొన్నేండ్ల కిందటి ముచ్చటే.) ఇంటర్ సగంల ఇడిసిపెట్టి జహీరాబాద్ బస్టాండ్ ఎదురుంగ ఒక మొబైల్ దుకాణంల పనికి కుదిరిన. పనేందంటె ఫోన్లకు కొత్త గిలాసు అంటించుడు, కింద గాలిబుడగ రాకుంట గుడ్డతోని ఒత్తుడు. బుడగ మాత్రం వస్తనే ఉండె. గిరాకీ దాన్ని సూడకుంట ముచ్చట్ల వెట్టుడే నా అసలు పని. ఆ నోరు సూసే మా మేనమామ నాకు ఇంకో పని అప్పజెప్పిండు, కంకర బ్యాండు ఖబర్ జెప్పే పని.

కంకర బ్యాండు అనేది వాళ్లు పెట్టుకున్న పేరు గాదు. పాటలు పాడే టైలర్ మాస్టర్ సాబ్ గొంతు ఇని లారీ డ్రైవర్లు పెట్టిన్రు. టిప్పర్ల కెల్లి కంకర దింపుతుంటె ఎట్ల సప్పుడైతదో, సేమ్ గట్లనే. వయసుల ఉన్నప్పుడు మాస్టర్ సాబ్, మా మామ, ఇంకో ఇద్దరు దోస్తులు కరెంటు గిటార్లు, డ్రమ్ములు సంపాయించి, సగం తెలుగు సగం ఉర్దూల సొంత పాటలు కట్టి, రాక్ అంటరంట దాన్ని, గది కొట్టుడు మొదలువెట్టిన్రు. వాళ్ల క్యాసెట్లు బొంబాయి రోడ్డు మీద లారీలల్ల అరిగిపొయ్యేదాక మోగినయంట. ఇప్పుడు అందరి తలలు తెల్లవడ్డయి. ఆ డ్రైవర్ల తలలు గూడ తెల్లవడ్డయి. గానీ అభిమానం తెల్లవడలే. ఫోన్ల ఒక గ్రూప్ వెట్టుకొని, ఏ ఊర్ల ఏ ధాబా కాడ ఉన్నా, బ్యాండ్ ఏం జేస్తున్నదని అడుగుతనే ఉంటరు. శుక్రవారం జుమ్మా నమాజైనంక ప్రాక్టీస్. నేను పొయ్యి, ఇని, వాయిస్ పెట్టాలె. "అందరికి సలాం, నమస్తే, వందనాలు! కంకర ఖబర్ మోసుకొచ్చిన!" అని మొదలువెడితె, నా అసుంటి పదోతరగతి గట్టెక్కిన పోరి గొంతు కోసం షోలాపూర్ కాడ ఒకాయన లారీ పక్కకు ఆపి ఇంటుండె. గంత ఇజ్జత్ నాకు ఇంట్ల గూడ లేకుండె.

మొదటిసారి పోయిన దినం. చిరాగ్‌పల్లి తొవ్వల, చెరుకు చేన్ల నడుమ, ఎప్పుడో మూతవడ్డ బెల్లం షెడ్డు. మాస్టర్ సాబ్ మెడల కొలత టేపు ఏసుకొనే పాడుతున్నడు. మా మామ గిటార్, వాళ్ల దోస్తు బేస్ తాత లావు తీగల బేస్ గిటార్. డ్రమ్ములు ఉన్నయి గానీ కొట్టేటాయన లేడు. పాట గిర్రున ఉరికొచ్చి ఒక్క కాడ అందరు టక్కున ఆపిన్రు. సప్పుడు లేదు. అందరు డ్రమ్ముల ఎనుకున్న ఉత్త స్టూల్ దిక్కు సూస్తున్నరు. జరసేపైనంక తలకాయలు ఊపుకొని మళ్ల అందుకున్నరు. పాట అయినంక నేను అడిగిన, "డ్రమ్ములాయన ఏడి మాస్టర్ సాబ్?" అని.

"జల్దీ చాచానా? షిఫ్ట్‌ల ఉన్నడు బేటీ," అన్నడు, సూదిల దారం ఎక్కిచ్చినంత నిమ్మళంగ.

నాకేమెరుక? ట్రాక్టర్ల కంపెనీల షిఫ్ట్ పని చేసేటోళ్లు ఇంటికొకలు ఉన్న ఊరు మాది. నేను పోయి ఖబర్ వెట్టిన: "డ్రమ్ముల చాచా డ్యూటీల ఉన్నడు, పరేషాన్ గాకున్రి, వచ్చే శుక్రవారం పక్కా వస్తడు!"

గ్రూపుల ఎప్పుడు దండం బొమ్మలు పెట్టేటోళ్లు గూడ పెట్టలే. జర సేపటికి హుమ్నాబాద్ కెల్లి ఒకన్న (కన్నడపాయన, తెలుగు జర ఒంకర వోతది) వాయిస్ పెట్టిండు. ఎనుక హారన్లు మోగుతున్నయి. "అక్కా... చాచా పోయినడు కదా... వానల్ల... నేను మట్టి ఇచ్చేటందుకు వచ్చిన కదా... నీకు ఎవరు చెప్పిన్రు ఆయన వస్తడని?"

నా చేతుల గిలాసు బుడగ మీద బుడగ లేసింది.

మామను నిలదీస్తె అప్పుడు జెప్పిండు. "మా బ్యాండ్ల పద్ధతే అంత బిడ్డ. అందరం ఒకప్పుడు కంపెనీల షిఫ్ట్‌ల పని చేసినోళ్లం. ఎవడన్న డ్యూటీల ఉండి రాకుంటె, ఆని బదులు ఇంకోన్ని పెట్టం. ఆని వంతు వచ్చినప్పుడు అందరం ఆపి, ఆని జాగ ఇడిసిపెడ్తం. జల్దీ పోయినంక గూడ మాస్టర్ గదే అంటున్నడు. షిఫ్ట్‌ల ఉన్నడు, షిఫ్ట్‌ల ఉన్నడు అని."

"మరి జల్దీ అని పేరెందుకు?"

"ఎందుకేంది, పాటకంటె ముందుగాల ఉరుకుతుండె. ఆన్ని పట్టుకునేటందుకే మేం గిటార్ నేర్సినం." మామ నవ్విండు గానీ, నవ్వు సగంలనే ఆగింది. "మాస్టర్ ఇగ పాడనంటున్నడు బిడ్డ. ఆ ఖాళీ జాగ ఇనుడు నాతోని కాదంటున్నడు. అల్లం మార్కెట్ల ప్రోగ్రాం వెట్టుమని లారీలోళ్లు అడుగుతున్నరు, పాడుతడో లేదో వచ్చే శుక్రవారం జెప్తడంట. ఆపితె ఇగ అంతే."

అంతే అంటె బ్యాండ్ ఖతం. ఖబర్ ఖతం. మళ్ల నేను ఉత్త గిలాసుల పోరిని. గీ ఫికర్ ఒక దిక్కు, చచ్చిపోయినాయన పక్కా వస్తడని నేనే మాటిచ్చిన భయం ఇంకో దిక్కు. ఆ శుక్రవారం షెడ్డుకు కాళ్లు ఈడ్సుకుంట పోయిన.

మిట్ట పగలు. పగలు దయ్యాలు తిరగయని ఎవరన్నరో గానీ వాళ్లు చెరుకు చేన్ల మిట్ట పగలు నిలవడలే. గాలి లేదు, అయినా ఆకులు ఒకదాని చెవుల ఒకటి గుసగుసమంటున్నయి. ఎండకు పైన రేకులు టక్, టక్ మంటున్నయి, ఎవరో మెల్లగ నడిసినట్టు. ఫోన్ చేతుల వట్టుకొని నిలవడితె మాస్టర్ సాబ్‌కు కోపం ("పాట ఇంటున్నవా, ఫోటువ దిగుతున్నవా?" అంటడు). అందుకని రికార్డింగ్ నొక్కి, చున్నీ కింద గుండెలకు గట్టిగ ఒత్తుకొని, రెండు చేతులు మీద ఏసుకొని నిలవడ్డ. పాట ఉరికొచ్చింది. జాగ వచ్చింది. ఆపిన్రు.

ఆకులు గూడ ఊకున్నయి. రోడ్డు మీద లారీల సప్పుడు ఏడికి పోయిందో. నేను సూడొద్దు సూడొద్దనుకుంటనే స్టూల్ దిక్కు సూసిన. స్టూల్ మీద స్పంజి మెత్త ఉన్నది. నడుమల గుంతవడి ఉన్నది. ఆ గుంత మెల్లగ, మెల్లగ పైకి లేస్తున్నది. ఇప్పుడే ఎవరో కూసొని లేసినట్టు. పిల్లేమో అని అటు ఇటు సూసిన. పిల్లి లేదు. యేసయ్యా అని కీర్తన మొదలువెట్టిన, సగంల మరిసిపోయిన, మళ్ల మొదటి కెల్లి పట్టిన. అప్పటికి మాస్టర్ సాబ్ పాట అందుకున్నడు. అయిపోంగనే ఎనుకకు సూడకుంట ఉరికి, దుకాణంకొచ్చి, రికార్డింగ్ ఇనకుంటనే గ్రూపుల పడేసిన.

ఇగ సూడున్రి. ఒకటెనుక ఒకటి వాయిస్‌లు. "అమ్మా, జాగల వినవడుతున్నది!" "డగ్గు, డగ్గు, డగ్గు... ఉరుకుతున్నది!" "జల్దీ చాచానే! ఆయన గాకుంటె ఎవలు ఉరుకుతరు గట్ల!" హుమ్నాబాదన్న ఏడ్సుకుంట, "అక్కా, నువ్వు వస్తడంటివి, వచ్చినడు," అన్నడు. నేను ఇయర్‌ఫోన్ పెట్టుకొని ఇన్న. గిటార్లు ఆగినయి. ఆగంగనే లోతుల కెల్లి, మట్టి కింది కెల్లి వచ్చినట్టు... డగ్గు. డగ్గు. డగ్గుడగ్గు. పోను పోను జోరు. ఎదురుంగ నిలవడ్డ గిరాకీ, "ఏమైందమ్మా, గట్ల తెల్లగైతున్నవ్?" అన్నడు. నేను ఆయన ఫోన్‌కు గిలాసు ఎనుక దిక్కు అంటించిన.

మామ ఆ రికార్డింగ్ మాస్టర్ సాబ్ కుట్టు దుకాణంకు తీస్కపోయిండు, నన్ను గూడ. మాస్టర్ సాబ్ మిషిని తొక్కుతనే ఇన్నడు. జాగ కాడికి వచ్చినంక కాలు ఆగింది. కండ్లు మూసుకున్నడు. "ఉరుకుతున్నడు," అన్నడు. "సూడు, పోయినంక గూడ ఉరుకుతున్నడు! ఎన్నిసార్లు జెప్పిన, ఆహిస్తా ఆహిస్తా, జర మెల్లగ అని." కొలత టేపుతోని కండ్లు తుడుసుకున్నడు. "పెట్టున్రి ప్రోగ్రాం."

ఆ ఖబర్ జెప్పినప్పుడు నా గొంతుల పండుగ ఇనాలె మీరు. లారీలోళ్లు సరుకు ఎక్కిచ్చుడు దించుడు అన్ని ఆ దినానికే సదురుకున్నరు.

ప్రోగ్రాం దినం పొద్దున చాచీ పిలిపించింది. చాచీ అంటె జల్దీ చాచా ఇంటామె. భయపడుకుంట పోయిన. ఆమె నా ఫోన్ చెవుకు పెట్టుకొని రికార్డింగ్ మొత్తం ఇన్నది. మళ్ల ఒకసారి ఇన్నది. "రికార్డ్ చేసినప్పుడు ఫోన్ ఏడ వెట్టుకున్నవ్ బేటీ?" అన్నది. సూపిచ్చిన. "ఇటు రా." దగ్గరికి పోయినంక ఆమె అరచెయ్యి నా గుండె మీద పెట్టింది. చల్లగ ఉన్నదా చెయ్యి. జరసేపు గట్లనే ఉంచింది.

"ఇదే," అన్నది.

"ఏది చాచీ?"

"వాళ్లందరు ఇన్నది. గిది నీ గుండె."

నాకు సముజైతందుకు జర సేపు వట్టింది. సముజయినంక ఇంకింత భయమైంది. "అంటె నేను... నేను బతికే ఉన్న గద చాచీ?"

గప్పుడు నవ్వింది చాచీ. వానలప్పటి సంది ఆ ఇంట్ల నవ్విన సప్పుడు అదే మొదటిదని పక్కింటోళ్లు తొంగిసూసిన్రు. "ఆయనది గాదని ఎట్లెరుక నీకు?" అని అడిగిన. "ఆయనకు చేతులే జల్దీ బేటీ. గుండె మస్తు నిమ్మళం. నా చెవుకెరుకలేదా," అన్నది, గోడ దిక్కు సూసుకుంట. నేను కాళ్లు వట్టుకున్నంత పని జేసిన, ప్రోగ్రాం అయినంక జెప్పు చాచీ, ఇప్పుడు జెప్తె మాస్టర్ సాబ్ పాడడు, అంత మంది దూరం కెల్లి వస్తున్నరు అని. "వద్దు," అన్నది. "నా మనిషి పేరు మీద లేనిది ఉన్నదనొద్దు. నేనే జెప్త."

పొద్దు గూకే యాళ్లకు అల్లం మార్కెట్ నిండింది. ఎటు సూసినా లారీలు, లారీల మీద మనుషులు, అల్లం మట్టి వాసన. స్టేజీ ఎనుక చాచీ మాస్టర్ సాబ్‌కు చెప్పింది. ఆయన కుర్చీల కూలవడ్డడు. నా దిక్కు సూసిండు. కోపం గాదు, కోపమైతె మంచిగ ఉంటుండె. "అయితె ఆడు రాలేదు," అన్నడు. "నాతోని కాదు. నేను పాడ."

మామ బతిలాడిండు. బేస్ తాత బతిలాడిండు. చాచీ బతిలాడలే. నడుము మీద చేతులు వెట్టి, "ఇన్ని దినాలు షిఫ్ట్‌ల ఉన్నడు, షిఫ్ట్‌ల ఉన్నడంటివి భాయ్," అన్నది. "షిఫ్ట్ అయిపోయింది ఆయనది. కంపెనీల షిఫ్ట్ అయినోని జాగల ఇంకోడు నిలవడడా? మిషిని ఆపుతరా?" అని నా రెక్క వట్టుకున్నది. "ఇయ్యాల్టికి డ్యూటీ దీనిది."

"నాకు డ్రమ్ములు రావు చాచీ!"

"నిన్ను కొట్టుమన్నదెవలు? నిలవడు సాలు."

మామ, బేస్ తాత మాస్టర్ సాబ్‌ను మైక్ కాడికి గుంజుకొచ్చి, ఆయన తల దించుకొనే నిలవడితె, ఉత్త గిటార్లతోనే పాట ఎత్తుకున్నరు.

జాగ వచ్చింది. గిటార్లు ఆగినయి. అంతమంది మనుషులు ఒక్కసారి ఊపిరి బిగవట్టిన్రు. చాచీ చున్నీ మీది కెల్లి మైక్ నా గుండెకు ఒత్తింది. అప్పుడొచ్చింది సప్పుడు. నా గుండె నా లోపల గాదు, బయట, అంత పెద్ద స్పీకర్ డబ్బాలల్ల కొట్టుకుంటున్నది. మార్కెట్ గోడలకు తగిలి నా ఎనుక కెల్లి నా మీదికే వస్తున్నది. డగ్గు, డగ్గు. ఎవలో నన్ను ఎతుక్కుంట వస్తున్నట్టు. అది ఇని నాకు ఇంకా భయం, భయానికి అది ఇంకా జోరు, ఆ జోరు ఇని ఇంకా భయం. మాస్టర్ సాబ్ తలకాయ ఎత్తిండు. సూసిండు. ఆ కంకర గొంతు మైకుల పగిలింది: "అరె, గిది గూడ జల్దీయే!"

జనం ఒర్లిన్రు, హారన్లు కొట్టిన్రు. ఆయన నవ్వుకుంట, ఏడ్సుకుంట, నా గుండె ఎనుక పరుగుపెట్టుకుంట పాట అందుకున్నడు. మామ వేళ్లు అందుకోలేక తిట్టుకుంట ఉరికినయి. ఆఖరికి అందరు ఒక్కసారి ఆపిన్రు. చాచీ మైక్ దీసి బంద్ చేసింది. మొత్తం నిమ్మళమైంది.

ఛన్‌న్‌న్... మని ఒక్క దెబ్బ, డ్రమ్ముల పక్కకుండే ఇత్తడి పళ్లెం మీద వడ్డది.

ఎనుకకు తిరిగి సూసినం. డ్రమ్ముల కాడ ఎవ్వరు లేరు. ఆ ఇత్తడి పళ్లెం ఊగుతున్నది. "సప్పుడు అదురుకు ఊగింది," అన్నడు మామ. ఆయన మొకం సూస్తె ఆయనకే నమ్మకం లేదు. చాచీ మెల్లగ పోయి, పళ్లెం మీద చెయ్యి వెట్టి ఆపింది, పండుకున్న మనిషి మీద దుప్పటి సదిరినట్టు.

మరుసటి దినం నా ఖబర్‌ల అన్ని జెప్పిన, గుండె ముచ్చట గూడ. ఇత్తడి ముచ్చట ఒక్కటి జెప్పలే. ఆడ ఉండి ఇన్నోళ్లు ఇన్నరు.

మాస్టర్ సాబ్ ఇప్పటికి పాడుతున్నడు. డ్రమ్ములకు ఇంకెవ్వర్ని తేలే. జాగ వచ్చినప్పుడు ఒచ్చినోళ్లంత ఎవల గుండె మీద వాళ్లు చెయ్యి వెట్టుకుంటరు, అది ఎవరు నేర్పిచ్చిన్రో ఎరుకలేదు. నేను గూడ పెట్టుకుంట. నా సొంత దుకాణం, పెండ్లి, పిల్ల, అన్ని అయినయి. ఇప్పుడు నా గుండె చెప్పిన మాట ఇనేటి దానోలె మెల్లగ, సదురుగ కొట్టుకుంటది. ఉత్త స్టూల్ సూసినా ఉరకదు. మంచిదేగద అంటడు డాక్టర్. మంచిదే. గానీ ఒక మెత్త లేసింది సూసి ఊరంతటికి ఇనవడేటట్టు భయపడ్డ ఆ పోరి యాదికొస్తె, చెయ్యి జరసేపు అక్కడనే ఉంచుత, ఉరుకుతదేమో సూద్దామని.