విత్తనాల చాట

వేరుశనక్కాయలు చూస్తే నాకు డోన్‌లో మా ఎదురింటి పెద్దమ్మ గుర్తొస్తుంది.

వెన్ను ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలకు అలవాటుపడిపోయాను. డాక్టరు వాటిని తగ్గిస్తూ వస్తుంటే చెమటలు, వణుకు, ఒళ్లంతా పీకుడు. ఆగలేక మందుల షాపుకు పోదామని చెప్పులేసుకుంటే ఆమె అరుగు మీది నుంచి పిలిచేది.

"యాడికి పోతాండావప్పా? ఇత్తనం చెనిక్కాయలు శానా ఉండాయి. ఈ చాట ఒలిచి పోదువులే."

గింజ మీది ఎర్ర పొర చిట్లకుండా ఒలవాలి. చిట్లితే మొలవదనేది. నా వేళ్లు వణుకుతున్నా కాయలు నా ముందుకే తోసేది. ఇంట్లోవాళ్లు తిట్టారు, బతిమాలారు. ఆమె మాత్రం మాత్రల మాట ఎన్నడూ ఎత్తలేదు. చాట అడుగు కనబడబోతే కబుర్లలో పెట్టి మరో దోసెడు పోసేది. ఒలుస్తూ ఒలుస్తూ షాపు సంగతే మరిచేవాణ్ణి.

మాత్రలు పూర్తిగా మానేశాక మొదటి వాన పడింది. విత్తడానికి నేనూ చేనికి వస్తానన్నాను.

ఆమె ఖాళీ చాటను అరుగు మీద బోర్లించి నవ్వింది.

"చేను యాడుండాదప్పా? అమ్మి శానా ఏండ్లాయ."