నిమ్మకాయ నుంచి గుమ్మడికాయ దాకా

ఎల్‌బీ నగర్ మెట్రో మెట్ల కింద సోడా బండివాడు నిమ్మకాయ కోశాడు. ఆ వాసనకి నా కాళ్లు ఆగిపోయాయి. నిమ్మకాయ చూస్తే అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం భూగోళం గుర్తొస్తుంది. ఇదంతా మా సైన్సు టీచరు భారతమ్మ మేడమ్ చలవ. నల్గొండ పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో స్థిరపడిన ఆమె కిందటేడాది కన్నుమూశారు.

పదో తరగతిలో ఒక ఆదివారం పొద్దున్నే మమ్మల్ని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర చేర్చి, "ఈ బస్టాండే సూర్యుడనుకోండ్రి" అన్నారు. రోడ్డు వెంట కొంతదూరం నడిపించి, ఒక అరుగు మీద నిమ్మకాయ పెట్టారు. అది భూమి. నా చేతికి శనగగింజ ఇచ్చి, "ఇది చందమామ. యాడ పెడ్తవో పెట్టు" అన్నారు. శనిగ్రహానికి వెళ్లి తీరతానని బడంతా చాటుకున్న గుంటూరు పిల్లని నేను. మహా తెలివిగా చైతన్యపురి వైపు పరుగెత్తాను.

"ఏ పిల్లా, యాడికి? వాపస్ రా!" అని కేకేసి, ఆ గింజని నిమ్మకాయకి ఒక్క అంగ దూరంలో పెట్టించారు. "మనిషి ఇప్పటిదాంక పోయింది గింతే."

నా కల మొత్తం ఒక్క అంగలో అయిపోయిందా? "మరి శనిగ్రహం ఎక్కడండీ?" అన్నాను ఏడుపు గొంతుతో. ఆమె సంచిలోంచి పెద్ద గుమ్మడికాయ తీసి నా చంకకెత్తారు. "ఎల్‌బీ నగర్ల. నడువు."

మెట్రో పనుల దుమ్ములో, చేతులు పడిపోతుండగా, ఆ నాలుగు కిలోమీటర్లూ మోశాను. చౌరస్తాలో దింపగానే మేడమ్ ఫోనులో శని వలయాల ఫొటో చూపించారు. అక్కడ ఏళ్ల తరబడి ఒంటరిగా తిరుగుతున్న, మనుషుల్లేని అంతరిక్ష నౌక తీసిందట. ఆ తర్వాత కొత్త ఫొటో వచ్చినప్పుడల్లా సొంతబిడ్డ ఫొటోలా క్లాసంతా తిప్పి చూపేవారు.

కొన్నాళ్లకి ఒక పొద్దున ఆమె క్లాసులోకి వచ్చి పాఠం మొదలుపెట్టలేదు. "ఆ నౌకను శనిలకే దుంకిచ్చిన్రు. కాలిపోయింది."

"ఎవరండీ?"

"పంపినోళ్లే. ఇంధనం అయిపోవట్టె. శని చుట్టు తిరిగే చందమామల్ల నీళ్లున్నయ్. మన క్రిములు దానికి అంటుకొనుంటే, అది అండ్ల పడితే ఆ నీళ్లు ఖరాబయితయని."

చేసినవాళ్లే కాల్చేశారంటే నేను నమ్మలేకపోయాను. అంతకన్నా నేను నిర్ఘాంతపోయింది, ఏనాడూ గొంతు వణకని మా మేడమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే. తేరుకున్నాక సూటిగా నన్నే చూశారు. "అది వాపస్ రాదని తెల్సే పంపిన్రు. మిషన్ గనుక సరే. మనిషిని గట్ల పంపొద్దు బిడ్డా. నువ్వు పోతానంటవ్ గదా, మొదలు వాపస్ వచ్చుడు నేర్చుకో."

నేను అంతరిక్షానికి వెళ్లలేదు. రేపు వెళ్లేవాళ్లు కిందికి దిగే పారాచూట్లని పరీక్షించే ఉద్యోగం నాది. ఈమధ్య ఒక పరీక్షలో పారాచూట్ సగమే విచ్చుకుంది. మనిషి బొమ్మని కూర్చోబెట్టిన పెట్టె దబ్బున నేలకి కొట్టుకుంది. బొమ్మ మెడ విరిగింది. గడువు దగ్గర పడుతోందని మా పై అధికారి తొందరపడ్డారు. "చిన్న లోపమేనమ్మా, ముందుకు పోదాం. లోపలున్నది బొమ్మే కదా?"

ఇంటా బయటా గుంటూరు మాట తప్ప మరో మాట పలకని నా నోట, ఎప్పుడూ రాని యాసలో జవాబొచ్చింది.

"బొమ్మ గూడ వాపస్ రావాలె సార్."